గ్లాసులో అడుగు సగం

బొమ్మసంద్రలోని కేశతైలాల ఫ్యాక్టరీ గేటు ముందు స్కూటరుకు స్టాండు వేస్తూ డిటెక్టివ్ వీరభద్రం మొట్టమొదట చూసింది క్లూ కాదు, ఓంకార్ కారు. తెల్లటి కొత్త కారు. వెనకద్దం మీద ఇంగ్లీషులో డిటెక్టివ్ సంస్థ పేరు, దాని కింద సెల్ నంబరు. ఈ ఓంకార్ నాలుగేళ్ళ పాటు ఇదే స్కూటరు వెనక సీటు మీద కూర్చున్నవాడు. వేలిముద్ర ఎలా తీయాలో వీరభద్రం దగ్గరే నేర్చుకున్నవాడు. కిందటేడు, అంటే 2000లో, విడిపోయి కుందలహళ్ళిలో సొంత ఆఫీసు తెరిచాడు. అప్పటి నుంచి రెండుసార్లు పేపర్లో ఫోటో పడింది. ఇరవై రెండేళ్ళ వృత్తిలో వీరభద్రం ఫోటో ఒక్కసారి పడింది, అదీ గుంపులో వెనక వరసలో. ఏకు మేకైందని నలుగురిలో నవ్వుతూ చెప్పేవాడు గానీ, ఆ కారు కనబడినప్పుడల్లా ఆయన కడుపులో ఎవరో ఎండుమిరపకాయలు నూరుతున్నట్టుండేది.

వాచీ చూసుకున్నాడు. రెండూ పది. నాలుగు గంటలకల్లా మార్తను అరెస్టు చేసి కోర్టుకు తీసుకుపోతానని ఇన్‌స్పెక్టర్ బసవరాజు చెప్పాడు. గేటు పక్కనే పోలీసు జీపు ఆగి ఉంది. వెనక సీట్లో మార్త కూర్చుని ఉంది. ఇద్దరు కానిస్టేబుళ్ళు కాపలా.

మార్త మారతహళ్ళిలో మెస్సు నడుపుతుంది. రోజూ నలభై క్యారియర్లు కడుతుంది. అందులో ఒకటి తొమ్మిదేళ్ళుగా వీరభద్రానిది. ఇంకో ఎనిమిది కంపెనీ బస్సులో ఈ ఫ్యాక్టరీకి వస్తాయి. ఆ ఎనిమిదిలో ఒకటి తిన్న శశిధర్ అనే కెమిస్టు నిన్న మధ్యాహ్నం ల్యాబులోనే కుప్పకూలి చనిపోయాడు. విషమని డాక్టరు చెప్పాడు. ఏ విషమో తెలియడానికి ఇంకో రెండు రోజులు పడుతుంది.

"అయ్యా వీరభద్రం గారూ," అని మార్త జీపు కడ్డీ పట్టుకుంది. "పప్పులో రాళ్ళున్నాయని ఆ అబ్బాయి నలుగురికీ చెప్పి నా క్యారియర్లు మాన్పించబోయాడు. శనివారం నేను నోరు పారేసుకున్నాను, నీ నోట్లో మన్ను పడ అన్నాను. ఆ మాట నిజమే. అంతమాత్రానికి అన్నంలో విషం కలుపుతానా? నా చేతి అన్నం తొమ్మిదేళ్ళు తిన్నారు, మీరు చెప్పండి."

"మార్తమ్మా, నాలుగు కొట్టేలోపల నిన్ను ఈ జీపు దింపుతా. కూర్చో," అన్నాడు వీరభద్రం. ఆ మాటకు ఆమె కళ్ళు తుడుచుకుంది. ఆయన లోపలికి నడిచాడు. దారంతా మార్త గురించే ఆలోచించాడని చెప్పలేం. సగం ఆలోచన ఓంకార్ మొహం ఎలా మాడిపోతుందా అన్నదాని మీదే ఉంది.

ల్యాబులో హరిణి ఒంటరిగా కూర్చుని ఉంది. నెల్లూరు అమ్మాయి, ముప్ఫై దాటలేదు, శశిధర్‌తో పాటు పనిచేసే రెండో కెమిస్టు. చున్నీతో ఎడమ చెంప కప్పుకుని, దాని మీద చెయ్యి ఆనించుకుని ఉంది. ఏడ్చి ఏడ్చి మొహం వాచిందనుకున్నాడు వీరభద్రం. ఎదురుగా స్టూలు లాక్కున్నాడు.

"నిన్న షర్బత్తు ఎన్నింటికి తాగినారు?"

"ట్వెల్వ్ థర్టీకి సర్. డైలీ అదే టైం."

"ఇద్దరూ ఒకే గ్లాసా?"

"బై-టు సర్. అటెండర్ చెన్నరాయప్ప ఒక పెద్ద గ్లాసు చేసిస్తాడు. శశి దాన్ని రెండు గ్లాసులు చేస్తాడు. కాఫీ అయినా అంతే. బెంగళూరులో అందరూ చేసేదే కదా సర్."

"ఏం షర్బత్తు?"

"నన్నారి, సుగంధిపాల వేళ్ళతో కాచేది. సిరప్ సీసా ఫ్రిజ్‌లో ఉంటుంది. లైమ్ వాటర్ పోసుకుంటాం."

"తర్వాత?"

"ఒంటిగంటకి శశి క్యారియర్ తిన్నాడు. ఒకటీ ఇరవైకి పడిపోయాడు. హాస్పిటల్ చేరేలోపలే..."

"మీకేమీ కాలేదా?"

హరిణి తడబడింది. "కొంచెం కళ్ళు తిరిగాయి సర్. ఒంటిగంట నుంచి టేబుల్ మీద తల పెట్టి పడుకున్నా. అరుపులు విని లేచా. ఓంకార్ గారికి చెప్పాను. షాక్‌లో అలాగే ఉంటుంది అన్నారు."

"ఆయన పడింది ఒకటీ ఇరవైకి. మీకు కళ్ళు తిరిగింది ఒంటిగంటకు. షాకు ఇరవై నిమిషాలు ముందే వచ్చిందామ్మా?"

ఆమె చెంప మీది చున్నీ సర్దుకుంది. వీరభద్రం లోలోపల ఎగిరి గంతేశాడు. ఓంకార్ కాలరాసి పోయిన చోట తనకు దారి దొరికింది.

"శుక్రవారం ప్రమోషన్ ఆర్డరు వచ్చిందంట. ల్యాబ్ హెడ్ శశిధర్. సర్వీసులో మీరు సీనియర్."

"అవును సర్. కుళ్ళుకున్నాను. ఎందుకు దాచాలి? రాత్రంతా నిద్రపోలేదు. పొద్దున లేచి కంగ్రాట్స్ చెప్పాను. అంతే, అయిపోయింది."

ఒక్క రాత్రిలో అయిపోయే అసూయ ఉంటుందంటే వీరభద్రం ఎలా నమ్ముతాడు? ఆయనది ఏడాదైంది, ఇంకా సెగ తగ్గలేదు. ఈ పిల్ల అబద్ధం చెబుతోందని ఆ క్షణంలోనే తీర్మానించేసుకున్నాడు.

తలుపు తోసుకుని ఓంకార్ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నడుముకు సెల్‌ఫోను. "మేడం, కార్ రెడీ. శశిధర్ గారి మిసెస్ మళ్ళీ ఫోన్ చేశారు. పాపం ఇంట్లో ఒక్కరే ఉన్నారు, రిలేటివ్స్ కడప నుంచి రాత్రికి గానీ రారు. ఆయన సామాన్లు ఇచ్చేసి, కాసేపు ఆవిడ దగ్గర కూర్చోండి. డ్రైవర్ మారతహళ్ళిలో వాళ్ళింటి దగ్గర డ్రాప్ చేస్తాడు." హరిణి సంచి తీసుకుని లేచి వెళ్ళిపోయింది. రెండూ ఇరవై అయిదు.

"ఎవరి పర్మిషన్‌తో పంపిస్తా ఉండావు?" అన్నాడు వీరభద్రం.

"ఇన్‌స్పెక్టర్ గారి పర్మిషన్ సార్. మీరింకా షర్బత్ దగ్గరే ఆగిపోయారా? ఇద్దరు తాగి ఒకరే పోతే, తాగింది వదిలెయ్యి, తిన్నది పట్టుకో. మీరు నేర్పిన పాఠమే."

"తిన్నది ఏమైంది? క్యారియరు కడిగేసినారు గదా."

"అదే సార్ పాయింట్. గ్లాసులు, క్యారియర్ అన్నీ మూడింటికల్లా కడిగేస్తారు, ఇక్కడ రోజూ అంతే. ఎవిడెన్స్ పోతుందని మార్తకి బాగా తెలుసు. మోటివ్ ఉంది, ఆపర్చునిటీ ఉంది. కంపెనీ వాళ్ళు కేస్ తొందరగా క్లోజ్ చెయ్యమన్నారు. మీకు ఫీజు ఇచ్చేది ఎవరు సార్, మార్తేనా? పప్పు, చారు రూపంలోనా?"

"నా దగ్గర సగం పాఠమే నేర్చుకుని పారిపోతివి గదరా. మిగతా సగం ఈ పొద్దు చెప్తాను. మూడింటికి ఇన్‌స్పెక్టరును పిల్చుకొని రా."

ఓంకార్ నవ్వి మేనేజర్ గది వైపు వెళ్ళిపోయాడు. ఆ నవ్వు వీరభద్రం వీపు మీద చాలాసేపు దురద పెట్టింది.

ఆయన ఫ్రిజ్ తలుపు తీశాడు. పై అరల్లో నూనె శాంపిళ్ళు, చీటీలు అంటించి వరసగా ఉన్నాయి. కింది అరలో ఒక మూల సీసా అడుగు గుండ్రంగా అచ్చుపడి ఉంది. వేలితో తాకితే జిగురు. అక్కడి నుంచి ఒక ఎర్రటి చార తలుపు అంచు దాకా కారి, నేల మీద చుక్కలుగా పడింది. ఆ చుక్కల చుట్టూ చీమలు. తీపికి చీమలు పట్టడం వింతేమీ కాదు. ఆ చీమల్లో ఒక్కటీ కదలడం లేదు. భూతద్దం పెట్టి చూశాడు. యాభైకి పైగా చీమలు చుక్క అంచునే కాళ్ళు ముడుచుకుని చచ్చి పడి ఉన్నాయి.

"చెన్నరాయప్పా!"

అటెండర్ చెన్నరాయప్ప వచ్చాడు. అరవై ఏళ్ళవాడు, అత్తిబెలె వైపు మనిషి, తాతల నాటి నుంచీ ఈ నేల మీద తెలుగు మాట్లాడుకుంటున్న కుటుంబం.

"ఈ సీసా యాడుండాది?"

"హరిణి మేడమ్మ సంచిలో పెట్టుకొని పాయె కదప్పా, ఇప్పుడే."

వీరభద్రం పెదాలు విచ్చుకున్నాయి. సాక్ష్యాన్ని హంతకురాలు సంచిలో వేసుకుంది. వెళ్ళింది ఎవరి కారులో? ఓంకార్ కారులో! ఇంతకంటే తీయని మాట ఆయన ఏడాదిగా వినలేదు.

గోడ మీద ఒక పెద్ద అట్ట వేలాడుతోంది. ముత్యాల్లాంటి తెలుగు అక్షరాలు. మధ్యలో నీలిగీత, దాని మీద 'నీళ్ళు 1' అని ఉంది. గీతకు పైన కిరోసిన్ 0.80, కొబ్బరినూనె 0.92, ఐసుగడ్డ 0.92, ఆముదం 0.96. గీతకు కింద పాలు 1.03, గ్లిజరిన్ 1.26, పంచదార పాకం 1.33, తేనె 1.42, ఇనుము 7.8, అన్నిటికంటే అడుగున పాదరసం 13.6.

"ఇదేందప్పా?"

"మా మాదిరి సదువుకోనోళ్ళకి అర్థమయ్యేదానికి పెట్టినారు. నీళ్ళు ఒకటి అనుకో. గీత పైనుండేవి నీళ్ళ మింద తేల్తాయి, కిందుండేవి మునుగుతాయి." చెన్నరాయప్ప ఒక గాజుబుడ్డి తీసి చూపించాడు. సన్నటి మెడ, మెడ మీద అంకెలు, అడుగున సీసపు గుండ్లు. "దీన్ని నూనెలో ఇడిస్తే యా అంకె కాడ నిలుస్తాదో చూస్తారు. తేలిక నూనెలో బాగా దిగుతాది, బరువు పాకంలో పైకి తన్నుకొని వస్తాది. నూనెలో ఎవురన్నా కల్తీ చేసినారంటే ఈ బుడ్డి చెప్పేస్తాది. అబద్ధం దీనికి రాదు."

వీరభద్రం అట్ట ముందు కదలకుండా నిలబడ్డాడు. ఆయన చూపు నీళ్ళ నుంచి కిందికి, పాకం దగ్గరికి దిగింది.

"షర్బత్తు చేసిచ్చేటప్పుడు నువ్వు స్పూనుతో తిప్పుతావా?"

"లేదప్పా, తిప్పొద్దంటారు. ముందు సిరప్పు, దాని మింద మెల్లగా నిమ్మకాయ నీళ్ళు. అడుగుది అడుగునే ఉండాల, పైది పైనే. ఎందుకంటే సారుకు..."

"చాలు, చాలు!" వీరభద్రం చెయ్యి అడ్డం పెట్టాడు. అంతా తెలిసిపోయింది. ఇంకొకరు చెబితే వినేంత ఓపిక ఆయనకు లేదు. "నాకు గ్లిజరిన్, ఎర్రసిరా, రెండు గ్లాసులు, నిమ్మకాయ కావాల."

అప్పుడు రెండూ ముప్పావు. ఆయన ఆ నిమిషాన పరిగెత్తి విషయం చెప్పి ఉంటే, బసవరాజు వైర్‌లెస్‌లో ఒక మాట వేసి ఆ కారును దారిలోనే ఆపించి ఉండేవాడు. వీరభద్రానికి ఆ సంగతి తట్టింది కూడా. కానీ కారు దారిలో ఆగితే ఓంకార్ కేవలం పొరబడ్డవాడవుతాడు. అందరి ముందూ గ్లాసు పట్టుకుని చూపిస్తే వెర్రివెంగళప్ప అవుతాడు. ఆయనకు రెండోదే కావాలి. కుర్చీలో కూర్చుని, కాలు మీద కాలు వేసుకుని ఇరవై నిమిషాలు ఎదురుచూశాడు.

మూడూ అయిదుకు బసవరాజు భోజనం ముగించి వచ్చాడు. వెనకాల ఓంకార్. వీరభద్రం కోరిక మీద మార్తను కూడా గుమ్మం దాకా తీసుకొచ్చారు.

"ఏన్రీ ఇది, నాటకమా?" అన్నాడు బసవరాజు. కన్నడం మనిషే అయినా తెలుగు బాగానే వచ్చు.

వీరభద్రం గ్లాసులో నాలుగో వంతు గ్లిజరిన్ పోశాడు. రెండు చుక్కలు ఎర్రసిరా వేసి కలిపాడు. "ఇది నన్నారి సిరప్పు అనుకోండి సార్. నీళ్ళకంటే బరువు." పైన స్పూను వెనక వైపుగా నిమ్మనీళ్ళు మెల్లగా జార్చాడు. ఎరుపు అడుగునే ఉండిపోయింది, పైన తెల్లటి నీళ్ళు నిలిచాయి. "ఇప్పుడు బై-టు చేస్తాను." గ్లాసు నెమ్మదిగా వంచి, పై సగం రెండో గ్లాసులోకి వంపాడు. రెండో గ్లాసులో లేత గులాబీ నీళ్ళు. మొదటి గ్లాసులో చిక్కటి ఎరుపు.

"గ్లాసు ఒకటే. తాగినోళ్ళు ఇద్దరు. విషం సిరప్పులో ఉంటే ఎవరికి పోతుంది సార్? అడుగు సగం తాగినోడికి. పై సగం తాగిన మనిషికి కళ్ళు తిరుగుతాయి, అంతే. ఫ్రిజ్ కాడికి రండి, చచ్చిన చీమలు చూపిస్తాను."

బసవరాజు వంగి చీమలను చూశాడు. చాలాసేపు చూశాడు. లేచి టోపీ సర్దుకున్నాడు. "హౌదు, నిజమే. అన్నంలో లేదు విషం. మార్తమ్మా, నీ మీద ఇంక కేసు లేదు. కూర్చో."

మార్త గోడకు జారగిలబడి రెండు చేతులూ జోడించింది. వీరభద్రం ఆమెను చూడలేదు. ఓంకార్‌ను చూస్తున్నాడు. ఆ మొహంలో రక్తం దిగిపోవడం కళ్ళారా చూసి, ఏడాది నాటి మంట మీద చన్నీళ్ళు పోసుకున్నాడు.

"ఇద్దరు తాగి ఒకరే పోతే తాగింది వదిలెయ్యాల్నా ఓంకారూ? ప్రమోషన్ రాలేదని హరిణి కుళ్ళుకుంది. ఆ మాట ఆమే ఒప్పుకుంది. పైది తాను తాగి, అడుగుది వాడికి పెట్టింది. సీసా మాయం చేసేదానికి నువ్వే ఏసీ కారు ఇచ్చి పంపించినావు. ఈసారి పేపర్లో ఫోటో ఇంకా పెద్దగా పడుతుందిలే."

"తప్పప్పా," అన్నాడు చెన్నరాయప్ప.

అందరూ అటు తిరిగారు.

"నేను చెప్పబోతే చాలంటివి. శశిధర్ సారుకు చెక్కర జబ్బు మొదలైందని డాక్టరు తీపి వద్దనె. దానికే తిప్పొద్దనేది. దినామూ పైది సారు తాగేది, అడుగుది మేడమ్మ తాగేది. ఆయమ్మకు తీపి ప్రాణం. నిన్న ఒక్క దినమే మారింది. మేడమ్మకు పన్ను నొప్పి, దవడ వాసి ఉండాది. చూసినావు కదా నువ్వు. తీపి తగిలితే జివ్వుమంటాదంటే, పారెయ్యడమెందుకని సారే అడుగుది తాగేసె. పైది మేడమ్మకిచ్చె."

వీరభద్రం చేతిలోని గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. చున్నీ కప్పుకున్న చెంప కళ్ళ ముందు మెదిలింది. ఆ విషం శశిధర్ కోసం కలిపింది కాదు. హరిణి కోసం కలిపింది.

"సీసా... ఎవరు తెచ్చినారు?" అడిగాడు వీరభద్రం.

"సారే తెచ్చె, నిన్న పొద్దున ఇంటి నుంచి, కొత్త సీసా. అమ్మగారు గీతాంజలమ్మే కాస్తాది ఆ సిరప్పు. పొద్దున ఆరున్నరకే బడికి పోవాల, సైన్సు టీచరు. వంట చేసేదానికి టైం ఉండదని క్యారియరు. సిరప్పు మాత్రం ఆయమ్మ చేత్తోనే. ఆ అట్ట కూడా ఆయమ్మ రాసిచ్చిందే. పోయిన నెల ఫ్యాక్టరీ పండగకొచ్చి, ఈడనే నిలబడి చూసె ఆయమ్మ, సారు పైది తాగి అడుగుది మేడమ్మ చేతికిచ్చేది. అందరమూ నవ్వుకుంటా ఉంటిమి. ఆయమ్మ నవ్వలేదు."

"సీసా తెమ్మని హరిణికి ఎవరు చెప్పారు?" అడిగాడు ఓంకార్, ఇంగ్లీషు అంతా ఎగిరిపోయి.

"అమ్మగారే. ఫోన్లో. నా చేత్తో చేసింది అక్కడ పెట్టొద్దు, తీసుకురా అనె."

ల్యాబు గడియారం మూడూ ఇరవై చూపిస్తోంది. కారు బయలుదేరి యాభై అయిదు నిమిషాలు. వీరభద్రానికి లెక్క వెయ్యడం వచ్చు. అందులో ఇరవై నిమిషాలు తన కుళ్ళు తిన్నది.

"ఓంకారూ, ఫోను తియ్యి."

ఓంకార్ సెల్‌ఫోను ఆయనకే అందించాడు. వీరభద్రం పుచ్చుకోలేదు. "నా గొంతు కొత్త, జడుసుకుంటుంది. నీ గొంతు ఆమెకు తెలుసు. నువ్వే మాట్లాడు నాయనా. ఎట్లన్నా ఆ పిల్లను కాపాడు." నాయనా అన్న మాట ఏడాది తరవాత ఆ నోట్లోంచి వచ్చింది. బసవరాజు అప్పటికే వైర్‌లెస్ కోసం జీపు వైపు పరిగెత్తాడు.

ఫోను నాలుగుసార్లు మోగింది. ఇద్దరూ చెరో చెవీ ఆనించి నిలబడ్డారు.

"హలో." గీతాంజలి గొంతు. ఎక్కడా వణుకు లేదు.

"మేడం, ఓంకార్‌ని. హరిణి గారు వచ్చారా?"

"ఇందాకే వచ్చిందండీ. లోపల ఆయన ఫోటో ముందు కూర్చుని ఏడుస్తోంది. ఎండన పడి వచ్చింది. మైల ఇల్లు కదా, పొయ్యి వెలిగించకూడదు, కాఫీ ఇవ్వడానికి లేదు. షర్బత్తు కలిపాను."

"మేడం, దయచేసి తనని తాగనివ్వకండి. ఫోన్ ఒకసారి తనకివ్వండి."

గీతాంజలి గొంతు తగ్గించి, తనలో తాను చెప్పుకుంటున్నట్టు మాట్లాడింది.

"నిన్న అడుగుది ఆయన తాగారటండీ. ఇప్పుడే తెలిసింది నాకు. తీపి ముట్టొద్దని ఎన్నిసార్లు చెప్పానో ఆ మనిషికి."

"మేడం, ఒక్క నిమిషం..."

"పన్ను నొప్పి, వద్దంది. మొగుడు పోయినదాన్ని, నా చేత్తో ఇస్తే కాదంటావా అన్నాను. తాగుతానంది. ఒక గ్లాసు తనకి, ఒక గ్లాసు నాకు. బై-టు. ఈసారి స్పూనుతో బాగా తిప్పానండీ. పైనా అడుగూ ఒక్కటే."

ఫోను పెట్టేసిన చప్పుడు ఇద్దరికీ వినిపించింది.